తిరగలిని తాకట్టు పెట్టించొద్దు

అప్పుకు హామీగా పేదవాడి తిరగలి రాయిని తీసుకోవద్దని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. తిరగలి ఆగితే ఆ ఇంట్లో రొట్టె ఉండదు గనుక! నేటి చిరువ్యాపారికి తోపుడు బండే తిరగలి. 2020 లాక్‌డౌన్‌లో బళ్లు ఆగిపోయి, ఎందరి పెట్టుబడో తిండికే ఖర్చయింది. ఆ జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం తాకట్టు లేకుండా తొలి విడతగా 10 వేల రూపాయల రుణమిచ్చింది. 2025లో దాన్ని 15 వేలకు పెంచారు. సకాలంలో చెల్లిస్తే 7 శాతం వడ్డీ రాయితీ, ఆపైన మరింత రుణం! అయినా దరఖాస్తు నింపలేక, మున్సిపాలిటీ సిఫార్సు లేఖ ఎలా పొందాలో తెలియక రోజువారీ వడ్డీకి తలవంచేవారు మన వీధిలోనే ఉన్నారు. వారికోసం ప్రార్థించి ఊరుకుంటే చాలదు. చదువొచ్చిన మనం ఒక పూట వారి వెంట బ్యాంకుకు వెళ్దాం. మనకది ఒక పూట శ్రమే, వారికి మాత్రం ఏడాది అన్నం!