బంగారు సీత

ఉత్తర రామాయణంలో రాముడు అశ్వమేధం చేయాలి. పక్కన భార్య ఉండాలి. సీత చూస్తే వాల్మీకి ఆశ్రమంలో ఉంది. బంగారంతో సీత ప్రతిమ చేయించి పక్కన పెట్టుకున్నాడు, యాగం సాగింది. సి భాషలో యూనిట్ టెస్టులు రాసేవాళ్లు చేసే పనీ ఇదే. వాళ్లు దాన్ని స్టబ్ అంటారు.

బెంటన్‌విల్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే కబుర్లు బిర్యానీతో మొదలై కోడ్ దగ్గర తేలతాయి. శామ్ వాల్టన్ 1950లో చిన్న కొట్టు తెరిచిన ఈ ఊరికి మనలో చాలామందిని రప్పించింది కంప్యూటరే కదా. మొన్న ఒక కుర్రాడు అడిగాడు: "అన్నా, జావాలో అయితే మాక్ పెట్టేస్తాం. సిలో ఎలా?"

బిల్లు లెక్కకట్టే ఫంక్షన్ ఉందనుకోండి. అది ధర తెచ్చే ఇంకో ఫంక్షన్‌ని పిలుస్తుంది. మనకు పరీక్షించాల్సింది లెక్క మాత్రమే. ధర తెచ్చేదాని స్థానంలో డూపును పెట్టాలి.

ఒక దారి ఫంక్షన్ పాయింటర్. అసలు కోడ్‌ని కాస్త మార్చాలి, కానీ టెస్టు మధ్యలో కూడా డూపుని మార్చుకోవచ్చు. రెండోది లింకర్. అదే పేరుతో ఇంకో ఫైల్లో ఉత్తుత్తి ఫంక్షన్ రాసి, అసలు ఫైలుకి బదులు దాన్ని లింక్ చేస్తే చాలు. బిల్లు కోడ్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోనక్కర్లేదు. మూడోది గ్నూ లింకర్‌లో ఉన్న ర్యాప్ అనే ఆప్షన్. దానికి మాలాక్ పేరు ఇస్తే, మాలాక్ కోసం వచ్చే పిలుపులన్నీ మీరు రాసిన ర్యాప్ మాలాక్‌కి పోతాయి. అసలుది రియల్ మాలాక్ పేరుతో అందుబాటులోనే ఉంటుంది. అయితే పిలిచే ఫంక్షనూ, పిలిపించుకునే ఫంక్షనూ ఒకే ఫైల్లో ఉంటే ఈ ఎత్తు పారదు.

ఇంత తంటా ఎందుకంటే, మామూలుగా రాని కష్టాలను రప్పించడానికి. మెమరీ అయిపోవడం, డిస్క్ నిండిపోవడం, 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న పొంగిపోవడం. ఇవి జరిగేదాకా కూర్చోలేం. స్టబ్ అయితే అడిగిన క్షణంలో జరిపిస్తుంది.

చిక్కల్లా ఒకటే. బంగారు సీత ఎదురు చెప్పదు. అసలు సీతను సభకు పిలిచి ప్రమాణం చేయమంటే భూదేవిని పిలిచి వెళ్లిపోయింది. మన స్టబ్బులూ అంతే, ఎప్పుడూ "సరే" అంటూ సున్నా తిరిగి ఇస్తుంటాయి. ఆర్నెల్లకి ఎవరో అసలు ఫంక్షన్‌ని మారుస్తారు, ధర దొరక్కపోతే మైనస్ ఒకటి ఇస్తుందని. స్టబ్‌కి ఆ సంగతి తెలియదు. టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి, బిల్లు మాత్రం తప్పు పడుతుంది. పైగా సిలో లింకర్ పేరు ఒక్కటే చూస్తుంది. ఆర్గ్యుమెంట్ల రకం మారినా నోరెత్తదు.

అందుకే ఆ కుర్రాడికి మూడు మాటలు చెప్పాను. అసలు ఫంక్షన్ హెడర్‌ని స్టబ్ ఫైల్లో తప్పకుండా చేర్చు, రకం మారిన రోజు కంపైలరే గోల పెడుతుంది. స్టబ్ మీద రాసిన టెస్టుల్లో కొన్నయినా అసలుదాని మీద కూడా నడుపు. అన్నిటికంటే ముందు, స్టబ్ "కాదు" అనే టెస్టు రాయి. "సరే" అనే టెస్టు తర్వాత రాసుకోవచ్చు.