మొక్కుకైతే ఒప్పు, మనసుకైతే తప్పా?

హోలీ నాడు కర్నూలు జిల్లా ఆదోని దగ్గరి సంతెకుడ్లూరుకు పోతే, రతీ మన్మథుల గుడి దగ్గర చీరలు కట్టుకున్న మగవాళ్ళు కనిపిస్తారు. పొలం పనికి పోయేవాళ్ళు, పట్నంలో ఉద్యోగం చేస్తూ పండక్కి ఇల్లు చేరినవాళ్ళు, పెళ్ళయినవాళ్ళు, కానివాళ్ళు. ఇంట్లో ఆడవాళ్ళే దగ్గరుండి కుచ్చిళ్ళు సర్ది, పవిటకు పిన్ను పెట్టి, మెళ్ళో నగలు వేసి, పూలు పెట్టి పంపిస్తారు. మీసం మాత్రం అలాగే ఉంటుంది. వాన కురవాలని, పంట చేతికి రావాలని, ఇంట్లో కష్టం తీరాలని మొక్కు. నైవేద్యం పళ్ళెం పట్టుకుని వాళ్ళు వీధిలో నడుస్తుంటే ఊళ్ళో ఎవరూ నవ్వరు. అది దేవుడి పని.

ఈ ప్రాంతం ఒకప్పుడు బళ్ళారి జిల్లాలోది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి అటు మైసూరుకు పోయింది. గీత పడిందే గానీ మొక్కులు, సంబంధాలు, సంతలు ఆ గీతను పట్టించుకోలేదు. బళ్ళారిలో తెలుగు, ఆదోనిలో కన్నడం ఇప్పటికీ ఇంటి మాటలే.

కొన్నేళ్ళ కిందట, హోలీకి వారం ముందు, బళ్ళారిలో ఒక చీరల అంగట్లో కూర్చున్నాను. పాతికేళ్ళ కుర్రాడొకడు వచ్చి చీర చూపించమన్నాడు. “ఎవరికప్పా? అమ్మకా, పెండ్లానికా?” అని అడిగాడు అంగడాయన. “నాకేనప్పా. మొక్కుండాది” అన్నాడు కుర్రాడు, తల వంచుకోకుండానే. అంగడాయన ముఖంలో ఏ మార్పూ లేదు. పైగా కింది వరసలో ఉన్న మంచి చీర తీసి, మడత విప్పి, కుర్రాడి భుజం మీద వేసి చూశాడు. ఈ రంగు నీకు నప్పుతుందన్నాడు. ఇద్దరూ బేరమాడారు, కుర్రాడు చీర తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ కుర్రాడు ‘నాకేనప్పా’ అని ఊరుకుని, ‘మొక్కుండాది’ అనే మాట అనకపోయుంటే? చీర అదే, కుర్రాడు అతనే, అంగడాయనా అంతే మంచివాడు. అయినా అంగట్లో గాలి మారిపోయేదని నాకు తెలుసు, మీకూ తెలుసు.

మగవాడు ఆడవాళ్ళ బట్ట కట్టుకోవడం మనకు కొత్తా కాదు, వింతా కాదు. దానికి ఎవరో ఒకరు పూచీ పడాలి, అంతే. దేవుడు పడితే సరే, నాటకం పడితే సరే, సినిమా పడితే ఈల కూడా వేస్తాం. మనిషి తన మనసే పూచీ అంటే ఒప్పుకోం.

తుంగభద్ర అవతలి ఒడ్డున, హొసపేటకు దగ్గర్లోని హుళిగిలో హుళిగెమ్మ గుడి ఉంది. మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతకాలనుకునేవాళ్ళకు ఈ సీమలో దొరికిన దారి అది. అక్కడ మొలతాడు తెంపుతారు. మన ఇళ్ళల్లో మగపిల్లాడికి పసితనంలోనే కట్టే ఆ దారం తెగాక, ఆడవాళ్ళ బట్టలూ గాజులూ ఇచ్చి ఎల్లమ్మ పేరున జోగతిని చేస్తారు. బళ్ళారి జిల్లా కల్లుకంబలో మంజునాథ శెట్టిగా పుట్టిన బిడ్డ అలాగే మంజమ్మ జోగతి అయ్యారు. ఇల్లు వదిలారు, భిక్షమెత్తారు, జోగతి నృత్యం నేర్చుకుని కాళవ్వ జోగతి దగ్గర చేరి ఊరూరా ఆడారు. 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు. 2021 నవంబరులో పద్మశ్రీ అందుకునేటప్పుడు చీర కొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీశారు. ఆ దృశ్యం చూసి దేశమంతా చప్పట్లు కొట్టింది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. కానీ ఆ చప్పట్ల కింద ఒక చేదు నిజముంది. ఆమెకు చీర దక్కాలంటే దేవత పేరు కావాలి, ఆ పేరు దక్కాలంటే ఇల్లు పోవాలి, బతకాలంటే అడుక్కోవాలి. దేవుడి పేరున దొరికే ఒప్పుదల ఉచితంగా దొరకదు. అమ్మాయిలను దేవుడికి వదిలే దురాచారాన్ని కర్ణాటక 1982లోనే చట్టంతో నిషేధించింది. ఆ ఊబి ఎంత లోతో ఈ సరిహద్దు ఊళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ‘మన సంప్రదాయంలో వీళ్ళకు చోటుంది కదా’ అని గర్వపడేవాళ్ళను నేను ఒక్కటే అడుగుతాను: ఆ చోటు బడిలో ఉందా, ఆఫీసులో ఉందా, సొంత ఇంటి భోజనాల గదిలో ఉందా?

ఇక బట్ట సంగతి. మా తాత ఇంటి అరుగు మీద లుంగీతోనే ఉండేవాడు. మా అవ్వ శెనక్కాయల చేన్లో కలుపుకు పోయేటప్పుడు చీర కాసె పోసి, కాళ్ళ మధ్య నుంచి అంచు లాగి వెనక దోపుకునేది. ఆకారం ఒక్కటే చూస్తే మా ఇంట్లో ప్యాంటు వేసుకున్నది అవ్వ, లంగా కట్టుకున్నది తాత. రెండంచులూ కలిపి దర్జీ ఒక్క కుట్టు వేస్తే కుట్టు లుంగీ, అదే గుడ్డకు పైన నాడా ఎక్కిస్తే లంగా. పరువంతా ఆ నాడాలో ఉందని మనం ఎప్పుడు తీర్మానించుకున్నామో తెలియదు. విజయనగరం కొలువులో మగవాళ్ళు పొడవాటి కబాయి తొడిగి, కుళ్ళాయి పెట్టుకుని సభకు వచ్చేవారు. ఆ కబాయిని ఇప్పుడు ఎవరైనా వేసుకుని బళ్ళారి బస్టాండులో దిగితే పిల్లలు వెంటపడతారు.

మగతనానికి ప్యాంటు గుర్తు అయ్యింది ఈ మధ్యనే. ఆ ప్యాంటుకు బళ్ళారితో దగ్గరి చుట్టరికం ఉంది. బళ్ళారి జీన్స్ దేశమంతా పోతాయి. చిన్న చిన్న యూనిట్లలో, ఇళ్ళల్లో, ముక్కకింత అని కూలికి కుట్టేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. జీన్స్ ఒకప్పుడు మగవాళ్ళదే. ఇప్పుడు అవే మిషన్ల మీద ఆడపిల్లల జీన్స్ కూడా నడుస్తున్నాయి. నడుము కొలత, జేబుల సైజు, ఇంకా కొన్ని కొలతల్లోనే తేడా. మొదట్లో పెద్దవాళ్ళు గొణిగారు. తర్వాత అలవాటు పడ్డారు. ఇప్పుడు ఆదోని నుంచి బళ్ళారికి కాలేజీకి వచ్చే అమ్మాయి జీన్స్ వేసుకుంటే ‘చురుకైన పిల్ల’ అంటారు. అదే బస్సులో ఒక అబ్బాయి లంగా కట్టుకుని ఎక్కితే ఏమంటారో ఊహించుకోండి.

బట్టలు ఇటు నుంచి అటు పోతున్నాయి, అటు నుంచి ఇటు రావడం లేదు. అమ్మాయి అబ్బాయి బట్ట తొడిగితే ఎదిగినట్టు, అబ్బాయి అమ్మాయి బట్ట కడితే దిగజారినట్టు. ఆడది మగవాడి కన్నా ఒక మెట్టు కింద ఉందన్న నమ్మకం మన లోపల ఇంకా బతికే ఉంది కాబట్టే ఈ లెక్క నడుస్తోంది. కేరళ బడుల్లో అందరికీ ఒకే యూనిఫాం పెట్టినప్పుడు ఆడపిల్లలకు నిక్కరో ప్యాంటో ఇచ్చారు. పిల్లలు హాయిగా పరిగెత్తారు, అది మంచి పనే. ‘అందరిదీ’ అని ఎంచుకున్నది మాత్రం మళ్ళీ మగపిల్లల బట్టే.

మన భాషలోనే సాక్ష్యం ఉంది. చేతకాని మగవాణ్ణి ‘గాజులు తొడుక్కున్నావా’ అంటాం. ‘ఆడంగి’ అంటాం. పని చేయని అధికారికి ధర్నాలో చీర, గాజులు, పసుపు కుంకుమ పళ్ళెంలో పెట్టి ఇస్తారు. ఆ ధర్నాల్లో ఆడవాళ్ళే ముందుండటం చూస్తే నాకు మరీ బాధ. తమ ఒంటి మీది బట్టనే తిట్టుగా వాడుకోవాల్సి రావడం ఎంత అన్యాయం! మేం పత్రికలవాళ్ళం ఆ ఫొటో వేసి ‘వినూత్న నిరసన’ అని శీర్షిక పెడతాం. హోలీకి సంతెకుడ్లూరు ఫొటో వేసి ‘వింత ఆచారం’ అంటాం. ఈ రెండు శీర్షికలూ మా డెస్కుల నుంచి పోవాలి.

నాటకం సంగతికొస్తే, బళ్ళారిని మించిన ఊరు లేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు పందెం వేసుకున్నట్టు తెలుగు నాటకాలు రాసి ఆడించిన ఊరు ఇది. అప్పట్లో ఆడవేషాలు మగవాళ్ళవే. కోస్తాలో స్థానం నరసింహారావు ఆడవేషాలతోనే జీవితం పండించుకున్నారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా జడ వేసుకుని నిలిస్తే జనం మైమరచిపోయేవారు. ఆ మగవాళ్ళను ఎవరూ తక్కువగా చూడలేదు, నెత్తిన పెట్టుకున్నారు. దీనికి ఎదురు తిరిగింది నటుడు బళ్ళారి రాఘవ. ఆడ పాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టారు. వృత్తికి ప్లీడరు కాబట్టి వాదన గట్టిగానే వినిపించి ఉంటారు. ఆయన వాదన న్యాయమైనదే. అందులో చీర కట్టిన మగవాడి మీద ఏవగింపు లేదు, గడప బయట నిలబెట్టిన ఆడమనిషికి చోటివ్వాలన్న తపన ఉంది. ఈ తేడా ముఖ్యం. మగవాడు చీర కడితే ఆడవాళ్ళకు అవమానం అని ఈ రోజు కొందరంటారు. వెక్కిరించడానికి కడితే అవమానమే. జబర్దస్తీ నవ్వుల కోసం నడుము తిప్పుతూ ఆడవేషం కట్టే టీవీ స్కిట్లు నాకు వెగటు. ఇష్టపడి కట్టినవాడు అవమానించడం లేదు, ఆ బట్టకు గౌరవమిస్తున్నాడు.

2024 డిసెంబరులో ‘పుష్ప 2’ వచ్చింది. అల్లు అర్జున్ చీర కట్టి, గాజులు తొడిగి, ముక్కుపుడకతో జాతరలో ఆడాడు. తిరుపతి గంగమ్మ జాతరలో మొక్కు తీర్చుకోవడానికి మగవాళ్ళు కట్టే ఆడవేషమే దానికి మూలం. బళ్ళారి, ఆదోని, గుంతకల్లు హాళ్ళల్లో ఈలలు మోగాయి. ఆ ఈలలు వేసిన పిల్లలను నేను తప్పు పట్టను. మీసమున్న మొగాడు చీరలోనూ మొగాడే అని వాళ్ళు ఆ క్షణం నమ్మారు. కానీ అక్కడా పూచీ ఉంది. దేవత ఒకవైపు, హీరో బలం మరోవైపు. గాజులు తొడిగిన చేత్తో పదిమందిని విరగ్గొట్టాడు కాబట్టి మనకు భయం లేకపోయింది. ఎవరినీ కొట్టని, మెత్తటి కుర్రాడు అదే చీర కడితే ఆ హాళ్ళ బయట అతన్ని ఎవరు కాపాడతారు?

చట్టం ఒకప్పుడు కాపాడలేదు సరికదా, తనే వేటాడింది. నైజాం రాజ్యంలో 1919లో, అక్కడి లెక్కలో ఫసలీ 1329లో, ఒక చట్టం తెచ్చారు. సర్కారు పట్టీలో పేరెక్కిన హిజ్రాలు ఆడవాళ్ళ బట్టలతో, నగలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ళ దాకా జైల్లో పెట్టవచ్చు. హుళిగి ఉన్న కొప్పళ సీమ అప్పుడు నైజాముదే. ఏటికి ఆ ఒడ్డున గుడి గాజులు తొడిగితే, ఆ ఒడ్డును ఏలే సర్కారు సంకెళ్ళు సిద్ధం చేసింది. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసేదాకా పుస్తకాల్లో ఉండనిచ్చాం, నూటనాలుగేళ్ళు. అంతకు ముందే, 2014 ఏప్రిల్ 15న, జాతీయ న్యాయసేవల సంస్థ (నాల్సా) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: తానెవరో బట్టతో, మాటతో, నడతతో చెప్పుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని.

ఈ రోగం మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. ప్యారిస్‌లో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాలన్న 1800 నాటి ఉత్తర్వు ఇక చెల్లదని అక్కడి ప్రభుత్వం చెప్పింది 2013లో. 2017 జూన్ ఎండల్లో ఫ్రాన్స్‌లోని నాంత్ బస్సు డ్రైవర్లు నిక్కర్లకు అనుమతి లేదంటే స్కర్టులు వేసుకుని డ్యూటీకి వచ్చారు. అదే నెల ఇంగ్లండులో ఎక్సెటర్ బడి పిల్లలూ అదే పని చేశారు. వాళ్ళను స్కర్టులోకి నడిపించింది ఎండ. మరి నలభై డిగ్రీలు దాటే బళ్ళారి ఎండలో మనం ఏం చేస్తున్నాం? గాలి ఆడే పంచెను, లుంగీని ఇంటికి కట్టేసి, దళసరి జీన్స్ తొడిగి ఆఫీసుకు పోతున్నాం. 2024 జూలైలో బెంగళూరులో ఒక మాల్ పంచె కట్టుకొచ్చిన ముసలి రైతును లోపలికి రానివ్వలేదు. సర్కారు కోప్పడి ఆ మాల్‌ను వారం రోజులు మూయించింది. తమిళనాడులో పంచె కట్టుకొచ్చిన హైకోర్టు జడ్జినే ఒక క్లబ్బు గుమ్మంలో ఆపితే, 2014లో అసెంబ్లీ చట్టమే చేసింది. మన మగవాడి సొంత ‘స్కర్టు’కే ఇంత పోరు కావాల్సి వస్తే, లంగా దాకా ఎప్పుడు పోతాం?

అయినా మార్పు కనిపిస్తోంది. పెళ్ళిళ్ళలో మగపిల్లలు కళ్ళకు కాటుక, చెవులకు పోగులు పెట్టుకుంటున్నారు, గులాబీ రంగు కుర్తాలు వేసుకుంటున్నారు. తల్లులు చూసి ఊరుకుంటున్నారు, కొందరు మెచ్చుకుంటున్నారు. తండ్రులే ఇంకా గొంతు సవరించుకుంటున్నారు. బడుల్లో, కాలేజీల్లో డ్రెస్సు నియమాలు రాసేవాళ్ళు ‘బాలురు ఇది, బాలికలు అది’ అన్న వరస తీసేసి, ‘వీటిలో ఏదైనా’ అని రాస్తే చాలు. ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు.

సంతెకుడ్లూరులో పండగ ముగిసిన సాయంత్రం చీరలు మడతపడి బీరువాల్లోకి పోతాయి. నగలు అత్తకో అక్కకో తిరిగి చేరతాయి. నూటికి తొంభైతొమ్మిదిమందికి అది చాలు, మొక్కు తీరింది. మిగిలిన ఆ ఒక్కడి గురించే నా బెంగంతా. చీర విప్పాలనిపించక అద్దం ముందు ఇంకాసేపు నిలబడే ఆ కుర్రాడు హుళిగి బస్సు ఎక్కాల్సిన పని లేకుండా, మొలతాడు తెంపుకోవాల్సిన పని లేకుండా, మర్నాడు పొద్దున ఆదోనిలో తన కాలేజీకి తను పోగలగాలి. దారిలో ఎవరైనా ‘ఎవరికోసమప్పా ఈ చీర’ అని అడిగితే, ‘నాకేనప్పా’ అని ఊరుకోగలగాలి.