బల్లికి ఇల్లు కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. పెళ్ళి సంగతి ఇంకా తెలీదు గానీ ఇల్లు మాత్రం కట్టి చూశాను. మాకు కాదు, బల్లికి. నవ్వకండి, చెప్పేది వినండి.

మేముండేది డాలస్ దగ్గర. మా అమ్మాయికి పదమూడేళ్ళు. స్కూలు మారిన దగ్గర్నుంచీ ఏదో ఒకటి పెంచుకుంటానని ఒకటే గొడవ. కుక్క అంటే మావారికి తుమ్ములు, పిల్లి అంటే నాకు భయం. చివరికి బేరం లెపర్డ్ గెకో దగ్గర తెగింది. చిరుత మచ్చల బల్లి అన్నమాట. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన దేశానికి వాయవ్యంగా ఉండే రాళ్ళ నేలలు దాని పుట్టిల్లు. ఒంటినిండా చుక్కలున్నాయని మా పిల్ల దానికి బూందీ అని పేరు పెట్టింది.

అప్పుడు అత్తయ్యగారు మా దగ్గరే ఉన్నారు. వినగానే పంచాంగం తీశారు. "ఎక్కడ పడితే ఏ ఫలమో చూసుకున్నారా? దోషం పోవడానికి కంచి వెళ్ళి బంగారు బల్లిని ముట్టుకోవాలి. ఇక్కణ్ణుంచి టికెట్టెంతో?" అన్నారు. మా పిల్ల చాలా శాంతంగా, "నానమ్మా, ఇది గోడెక్కలేదు. మన గోడ బల్లిలాగా దీని కాళ్ళకి అతుక్కునే మెత్తలుండవు. ఎక్కలేనిది మీదెలా పడుతుంది?" అంది. పంచాంగంలో దానికి జవాబు దొరకలేదు.

షాపులో "అన్నీ ఇందులోనే ఉన్నాయి" అంటూ ఒక సెట్టు అంటగట్టారు. పది గ్యాలన్ల గాజు తొట్టి, ఎర్ర బల్బు, ఒక ఇసక పాకెట్టు, ప్లాస్టిక్ మొక్క, అరచేతిలో పట్టే గుహ ఒకటి. తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టాం. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో! నాలుగు వైపులా గాజు, ఎటు నిలబడినా బూందీ కనిపిస్తుంది. వచ్చినవాళ్ళందరికీ చూపించాను కూడా.

బూందీ మాత్రం నీళ్ళ గిన్నె వెనకాల ఇరుక్కుని కదిలేది కాదు. పురుగులు వేస్తే ముట్టేది కాదు. ఈ బల్లులు కొవ్వంతా తోకలో దాచుకుంటాయి. లావుగా ఉండాల్సిన తోక రెండు వారాల్లో సన్నబడిపోయింది. కోడెదూడ లాంటి పిల్లని అత్తారింటికి పంపితే నెల తిరిగేసరికి పుల్లలా వచ్చినట్టు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. అమ్మాయి స్కూలు నుంచి రాగానే గదిలోకెళ్ళి తలుపేసుకునేది. "మనిళ్ళల్లో తలుపులేసుకోవడం ఏమిటి, అంతగా దాచుకోవాల్సినవి ఏమున్నాయి" అని నేను. వినకపోతే ఒకరోజు స్క్రూడ్రైవరు పట్టుకుని ఆ తలుపు గొళ్ళెం పిడి నేనే ఊడదీశాను. తలుపు మూసినా పడదు, ఓరగా జారి తెరుచుకుంటుంది. నేను గెలిచాననే అనుకున్నాను. పిల్ల అన్నం దగ్గర మాట్లాడ్డం మానేసింది. మాట్లాడకపోతే పోనీ, సగం తిని లేచిపోయేది.

బూందీని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఇలాంటి జంతువుల్ని చూసే డాక్టరు దొరకడమే కష్టం, ఫీజేమో బూందీ ఖరీదు కంటే ఎక్కువ. ఆవిడ తోక చూసి, మేం తీసిన తొట్టి ఫోటో చూసి, "జబ్బేమీ లేదు. దాక్కోడానికి చోటు లేక భయపడుతోంది" అంది. ఎర్ర బల్బు తీసెయ్యమంది, రాత్రి పూట దీనికి ఏ రంగు దీపమూ అక్కర్లేదట. ఉత్తి ఇసక మింగితే పేగుకి అడ్డం పడొచ్చంది. వెచ్చగా ఉండే చివర ఒక గూడు, చల్లగా ఉండే చివర ఒకటి, మధ్యలో తేమగా ఉండేది ఒకటి, కనీసం మూడు ఉండాలంది. నేను ఊరుకోకుండా, "మూడు గూళ్ళు పెడితే ఇంక అది బయటికేం వస్తుందండీ" అని అడిగాను. "పెట్టి చూడండి, అప్పుడే వస్తుంది" అంది.

సరే, మళ్ళీ మొదటినుంచీ. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తున్న పాత తొట్టి ఒకటి సగం ధరకి దొరికింది. వెనక గోడకీ పక్క గోడలకీ రాతిగుట్టలా ఉండే పలకలు మేమే చేశాం. థర్మోకోల్ ముక్కలు ఒకదానిమీద ఒకటి అంటించి, కూరల కత్తితో గట్లూ అరలూ చెక్కాం. ఆ నురగ పూసలు నా చున్నీనీ పిల్ల జుట్టునీ వారం రోజులు వదల్లేదు. పైన టైల్స్ సందులకి పూసే గ్రౌట్ మూడు పూతలు. మొదటిది మజ్జిగలా పల్చగా, తర్వాతవి దోసెల పిండిలా. పూత పూతకీ ఒకరోజు ఆరాలి. అంటించడానికి వాడిన సిలికాన్ నుంచి వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా బూందీని లోపల పెట్టకూడదు. నాకు ఓపిక తక్కువ, రోజూ వెళ్ళి వాసన చూసేదాన్ని.

అడుగున స్లేటు పలకలు పరిచాం. చూడ్డానికి అచ్చం మా కర్నూలు వైపు బేతంచెర్ల బండల్లా ఉన్నాయి. చిన్నప్పుడు పొద్దు గూకాక అరుగు బండల మీద కూర్చుంటే పగటి ఎండ కింద నుంచి వెచ్చగా తగిలేది. బూందీకి కావలసిందీ అదే. పగలు పైన హాలోజన్ బల్బు రాయిని కాలుస్తుంది, సాయంత్రం అది లేచి రాయికి పొట్ట ఆనించి పడుకుంటుంది. బండ మీద 90 నుంచి 94 ఫారెన్‌హీట్ ఉండాలి, చల్లటి చివర 75 దగ్గర. వేడి హద్దు దాటకుండా థర్మోస్టాట్ పెట్టే పని మావారిది. అప్పటిదాకా "మీ బల్లి" అన్న మనిషి, ఆ వైరు పట్టుకున్నాక "మన బల్లి" అనడం మొదలెట్టారు.

చల్లటి వైపు గూటికి కొబ్బరి చిప్ప ఉడకబెట్టి, పీచు గీకి, అంచున చిన్న గుమ్మం కోశాను. తేమ గూటికి పెరుగు డబ్బా చాలు. పక్కన కన్నం కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, లోపల తడి నాచు పరవాలి. ఇది లేకపోతే కుబుసం విడిచేటప్పుడు వేళ్ళ చుట్టూ చర్మం బిగుసుకుని వేళ్ళు ఊడిపోవచ్చట. ఆ కన్నం కోస్తుంటే మా పిల్ల, "చిన్నది చాలమ్మా. ఒళ్ళు రెండు వైపులా తగలాలి. అప్పుడే దానికి నిద్ర పడుతుంది" అంది. చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడిన పెద్ద మాట అది. నేను కత్తి ఆపి దాని మొహం చూశాను. అది నా మొహం చూడలేదు.

ఆ రాత్రే గొళ్ళెం పిడి వెతికి బిగించాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

బూందీ కొత్తింట్లో మొదటి వారం కనబడనే లేదు. మూడు గూళ్ళున్నాయి కదా, మూడింట్లోనూ లేనట్టే ఉండేది. తొమ్మిదో రోజు సాయంత్రం నేను చపాతీలు వత్తుతుంటే, కొబ్బరి చిప్ప లోంచి తల, తర్వాత ఒక చెయ్యి, తర్వాత మొత్తం. దీనికి కళ్ళకి రెప్పలుంటాయి, గోడ బల్లికి ఉండవు. రెండుసార్లు రెప్పలార్చి నావైపు చూసి, తొట్టంతా ఒక చుట్టు చుట్టొచ్చింది. కాల్షియం పొడి అద్దిన పురుగులు (ఇడ్లీకి కారప్పొడి అద్దినట్టే) నాలుగు తినేసింది. ఆ పురుగుల డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాలనడం వేరే కథ. అత్తయ్యగారి తీర్పు మేరకు గరాజులో చిన్న ఫ్రిజ్ కొన్నాం. ఆవిడ మడి ఒక చోట మాత్రం బాగా పనికొచ్చింది. ఇలాంటి ప్రాణుల ఒంటి మీద సాల్మొనెల్లా ఉంటుంది కాబట్టి ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి, వాటి గిన్నెలు వంటింటి సింకులో కడక్కూడదు. డాక్టరు చెప్పేలోపే ఆవిడ ఆ చట్టం చేసేశారు.

నా స్నేహితురాళ్ళు కొందరు, "తలుపేసుకునే పిల్ల చేజారిపోయినట్టే, ఇక్కడి గాలి" అంటారు. మొన్నటిదాకా నేనూ అన్నాను. ఇప్పుడు ఒప్పుకోను. ఫోను రాత్రి తొమ్మిదికి హాల్లోకి రావాల్సిందే, అందులో మార్పు లేదు. తలుపు వేరు. మనం పెరిగిన ఇళ్ళల్లో తలుపులు లేకపోయినా మేడ మెట్లూ, పెరటి జామచెట్టూ, వడ్ల గాదె వెనక సందూ ఉండేవి. అలిగితే అక్కడికి పోయేవాళ్ళం, ఆకలేస్తే వచ్చేవాళ్ళం. ఈ దేశపు ఇళ్ళల్లో వంటిల్లు, హాలు, భోజనాల బల్ల అన్నీ ఒకటే. పిల్లకున్నది ఆ ఒక్క గది, దాన్నీ నేను గాజు తొట్టి చేశాను. (మనకి అదీ లేదనుకోండి. ఏడుపొస్తే ఉల్లిపాయలు తరగాల్సిందే.)

గొళ్ళెం పెట్టగానే పిల్ల మారిపోయిందని చెప్పను. ఇప్పటికీ తలుపేసుకుంటుంది. తట్టితే "ఒక్క నిమిషం" అంటుంది, ఆ నిమిషం పది నిమిషాలవుతుంది. కాకపోతే సాయంత్రం బూందీ లేచే వేళకి తనూ బయటికొస్తుంది. ఇద్దరం నేల మీద చతికిలబడి చూస్తాం. అప్పుడు కొత్త స్కూల్లో లంచ్ దగ్గర తన పక్కన ఎవరు కూర్చోలేదో, ఎవరు కూర్చున్నారో కొంచెం కొంచెం చెబుతుంది. నేను ప్రశ్నలు వెయ్యను. కష్టంగానే ఉంటుంది, నాలిక మీద పది ప్రశ్నలుంటాయి.

ఈ బల్లులు పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతాయట. ఐదేళ్ళలో అమ్మాయి కాలేజీకి పోతుంది, పురుగుల డబ్బా నాకు మిగులుతుంది. అత్తయ్యగారు ఊరెళ్ళిపోయారు. వీడియోలో మాట్లాడినప్పుడల్లా కొడుకు క్షేమం అయ్యాక అడిగే రెండో మాట, "బల్లి తిందా?"