కొలువులో పానాకి చోటు లేదా?

దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టిన ఇళ్ళకి వెళ్ళి చూడండి. దశావతారాలుంటాయి. పెళ్ళివారి ఊరేగింపు ఉంటుంది. ఏటికొప్పాక లక్కపిడతలు సరేసరి! తిరగలి, రోలు, రోకలి, పొయ్యి... వంటింటి సామానంతా బొటనవేలంత సైజులో సిద్ధం. ఆడపిల్ల ఇప్పటినుంచే అలవాటు పడాలి కదా మరి! అబ్బాయి చేతికి కారు బొమ్మ, అమ్మాయి చేతికి చట్టి. ఆ కారు చెడిపోతే బాగుచేసే సుత్తీ పానా మాత్రం ఎవరికీ ఇవ్వం. అమ్మాయికైతే బొత్తిగా ఇవ్వం.

నేనడిగేది ఒకటే. కొలువులో ఒక మెట్టు మీద మెకానిక్ షెడ్డు ఎందుకు ఉండకూడదు? అందులోని పనిముట్లన్నీ ఇంటి ఆడపిల్లే తన చేత్తో ఎందుకు చెయ్యకూడదు?

"ఛీ, ఆ గ్రీజు మరకల కొట్టు దేవుడి పక్కనా!" అంటారు కొందరు. కొండపల్లి బొమ్మలు గుర్తుచేసుకోండి. తెల్లపొణికి కర్రతో వాళ్ళు దేవుళ్ళనే చేశారా? తాటిచెట్టెక్కి కల్లుగీసే మనిషిని చేశారు, ఎడ్లబండి చేశారు. మన అమ్మమ్మలు వాటిని అంబారీ ఏనుగు పక్కనే నిలబెట్టారు. ఎవరి కొలువూ మైలపడలేదు. ఊరి బతుకంతా కొలువులో కనబడాలన్నది వాళ్ళ లెక్క. మరి మన కాలపు బతుకేమిటి? మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు వెళ్ళండి. ఒకప్పటి 7వ నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి అది. ఆ నాగపూరు రోడ్డు మీద లారీ ఆగిపోతే దిక్కెవరు? రేకుల షెడ్డులోంచి జాకీ పట్టుకొచ్చి చక్రం ఊడదీసే మనిషే కదా! నిన్నటి కమ్మరికి ఇవాళ్టి వారసుడు అతనే. అతన్ని వదిలేసి ఎడ్లబండి దగ్గరే ఆగిపోవడం మన బద్ధకం, అంతే.

"అంతగా కావాలంటే కొనొచ్చుగా!" అనేవాళ్ళు రెండో రకం. కొంటే పిల్లకి ఒరిగేదేమిటి? లెక్క చూడండి. అడుగుని అరంగుళం చేస్తే, అంటే 24వ వంతుకి కుదిస్తే, అయిదున్నర అడుగుల మెకానిక్ రెండు ముప్పావు అంగుళాలవుతాడు. 10 అంగుళాల పానా అరంగుళానికి కూడా రాదు. భాగహారమంటే ఏడ్చే పిల్ల కూడా ఈ లెక్క శ్రద్ధగా చేస్తుంది. చెయ్యకపోతే పానా మెకానిక్ భుజం దాటిపోతుంది మరి!

ఖర్చంటారా? అట్టముక్కలు మూడు పొరలుగా బంకతో అతికి, పానా ఆకారంలో కత్తిరించి, గోళ్ళ ఆకురాయితో అంచులు అరగదీసి, వెండిరంగు నెయిల్ పాలిష్ రెండు పూతలు పుయ్యండి. ఇనుమో కాదో పేరంటాళ్ళు తేల్చుకోలేరు. పాడైన కుళాయి వాషరు టైరవుతుంది. తెగిన గిల్టు గొలుసు ఇంజను పైకెత్తే చైనవుతుంది. పాత కళ్ళజోడు బందులో ఉన్న స్క్రూ, బల్లకి బిగించే వైసుకి పనికొస్తుంది. ఆ వైసు నోరు నిజంగా తెరుచుకుని మూసుకునేలా చెయ్యాలని కూర్చున్న పిల్లకి, స్క్రూ ఎటు తిప్పితే ఏమవుతుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

"బొమ్మలాటలతో ఏమొస్తుంది?" అన్నది మూడో మాట. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే ఆవిడ, 1940లలో, తన అరవైయవ పడిలో, అనుమానాస్పద మరణాలు జరిగిన గదుల్ని అడుగుకి అంగుళం చొప్పున బొమ్మరిళ్ళుగా తయారుచేసింది. గదులు వడ్రంగి చేత కట్టించింది. బొమ్మల మేజోళ్ళు గుండుసూదులతో తనే అల్లింది. హార్వర్డులో ఆ బొమ్మరిళ్ళు చూపించే డిటెక్టివులకి ఆధారాలు వెతకడం నేర్పారు. మీసాలున్న పోలీసులు ఆవిడ బొమ్మరింటి ముందు వంగి పాఠం నేర్చుకున్నారన్నమాట! ఇంకా ఆడపిల్లల ఆటేనంటారా?

మన అమ్మాయిలు స్కూటర్లు నడుపుతున్నారు, ఆఫీసులకి వెళుతున్నారు. బండి దారిలో మొరాయిస్తే మాత్రం పక్కన నిలబడి ఎవరైనా మగవాడు రాకపోతాడా అని చూడాల్సిందే. తెలివి లేకనా? చిన్నప్పుడు పనిముట్టు ముట్టుకుంటే "నీకెందుకే!" అన్నాం కనక.

ఈ ఏడు ఒక మెట్టు ఖాళీ ఉంచండి. పేరంటానికొచ్చిన పిన్నిగారు, శనగలు కొంగున కట్టుకుంటూ, "ఇదేమిటే?" అని అడుగుతారు. మీరు నోరు మెదపకండి. "జాకీ, పిన్నీ! ఇది తిప్పితే బండి పైకి లేస్తుంది" అని పిల్లనే చెప్పనివ్వండి.