వీణను కుదించమనే మహానుభావులకు



విదేశీ సభలకు వెళ్లే వైణికులకు ఒక ఉచిత సలహా తరచుగా వినవస్తున్నది: "అంత వీణ మోయడమెందుకు? కీబోర్డులో వీణానాదమున్నది కదా! కాకుంటే దండి విడదీసే పొట్టి వీణ చేయించుకోండి." కాగితం చాలలేదని పద్యపాదంలో ఒక గణం కోసివేయమన్నట్లున్నది. పిల్లలకు ఛందస్సు చెప్పి బ్రతికినవాడిని, ఒప్పుకోలేను.

పలాసలో రైలెక్కితే వీణ పైబెర్తు మీద దుప్పటి కప్పుకొని పడుకుంటుంది. తోటివారు సర్దుకుంటారు, ఒకరిద్దరు దండం కూడ పెడతారు. విశాఖ విమానాశ్రయంలో అదే వీణ "ఓవర్‌సైజు". పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటరాదని చాలా సంస్థల నియమం. నాలుగడుగుల పైచిలుకు వాద్యం ఆ హద్దులో ఎట్లు ఇముడుతుంది? ఆపైన అంతా కౌంటరు వారి దయ.

2011లో భౌగోళిక గుర్తింపు పొందిన బొబ్బిలి వీణను ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. 24 మెట్లు మైనం మీద నిలుస్తాయి. మండుటెండలో ట్రాలీ మీద వదిలితే మైనం మెత్తబడుతుంది. మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం చెడుతుంది. నా మేనకోడలి వీణ అట్లే సామానులో వెళ్లి దండి విరిగి వచ్చినది. "ఫ్రాజైల్" చీటీ మాత్రం చెక్కుచెదరలేదు! ముందే సంతకం చేయించుకొన్న కాగితం చూపి పరిహారం లేదన్నారు. పనసమాను విలువ మా ఉద్దానం వారిని అడగండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కూల్చిన తోటలు మళ్లీ దుంగ తేలడానికి ఒక తరం పట్టును.

దంతపు నగిషీలున్న తాతలనాటి వీణకు సరిహద్దులో పత్రాలడిగితే నేను తప్పుపట్టను, ఏనుగు బ్రతకవలసినదే. అక్కడ దారి కూడ చూపినారు: అట్టి వాద్యాలకు ప్రత్యేక ధ్రువపత్రమివ్వాలని 2013లో సైటిస్ దేశాలు తీర్మానించాయి. 2017లో రోజ్‌వుడ్ వాద్యాలకు పెట్టిన పత్రాల నిర్బంధాన్ని, కళాకారులు మొరపెట్టగా, 2019లో తయారైన వాద్యాలకు సడలించారు. అంటే మారవలసినది నియమమే, వాద్యం కాదు.

అమెరికాలో 2012 చట్టం, 2015 నిబంధనల ప్రకారం అక్కడి సంస్థలు స్థలమున్నంతవరకు చిన్న వాద్యాన్ని లోనికి అనుమతించి తీరాలి. పెద్దదానికి సీటు కొనుక్కోవచ్చు. సామానుగా వేస్తే, విమానంలో పట్టేదైతే, మూడు కొలతలు కలిపి 150 అంగుళాల వరకు స్వీకరించాలి. త్యాగరాజు పుట్టిన దేశంలో ఆపాటి లిఖిత నియమం అడగడం అత్యాశా?

పౌర విమానయాన శాఖ 2014 నుండి 2018 వరకు, 1919 నాటి సంగీత కళాశాల గల విజయనగరం అశోక్ గజపతిరాజుగారి చేతిలో ఉండినది. 2024 జూన్‌లో మా పలాస, టెక్కలి చేరిన శ్రీకాకుళం స్థానపు ఎంపీ రామ్మోహన్ నాయుడుగారు ఆ శాఖ చేపట్టారు. ఇంటి ముంగిటికి వచ్చిన శాఖను ఇంకెప్పుడు అడుగుతాము?

సభలు జరిపే తెలుగు సంఘాలవారూ వినాలి. సినీతారకు బిజినెస్ క్లాసు టిక్కెట్టు పంపగలవారు వీణకొక మామూలు సీటు కొనలేరా?