నాకు వంట రాదు (అనే సాకు)

మేడ్చల్ వైపు ఎవరింటికెళ్ళినా ఎయిర్ ఫ్రయర్ దర్శనమిస్తోంది. అందులో ఫింగర్ చిప్స్ తప్ప ఇంకోటి చేసిన పాపాన పోరు. పైగా నూనె తక్కువని గొప్పలు! నిజానికది చిన్న ఓవెనే.. పైన కాయిల్, దాని మీదో ఫ్యాను, అంతే.

అలాంటప్పుడు కీష్ ఎందుకు చేసుకోకూడదు? ఫ్రాన్సులో లొరేన్ వాళ్ళు పిండితో గిన్నెలా చేసి, గుడ్లు, మీగడ పోసి బేక్ చేస్తారు. మనం పిండి జోలికి పోవద్దు. శామీర్‌పేట చుట్టూ కోళ్ళఫారాలే, గుడ్లకేం కొదవ? 4 గుడ్లు, అర కప్పు పాలు, ఉల్లి, పచ్చిమిర్చి, ఉప్పు. పాలకూర వేయించి నీళ్ళు పిండెయ్యాలి, లేకపోతే అడుగున చెరువే!

మొదటిసారి 180 డిగ్రీలు పెట్టా. పైన మాడింది, లోపల పచ్చి. ఫ్యాను గాలి పైభాగాన్నే ముందు కాలుస్తుంది మరి. 160 పెట్టి, గిన్నెకి ఫాయిల్ గట్టిగా బిగించి (వదులుగా ఉంటే ఎగిరి కాయిల్‌కి తగుల్తుంది) 20 నిమిషాలు, ఫాయిల్ తీసి ఇంకో 3. నడుమ కాస్త వణుకుతుండగానే ఆపెయ్యాలి.

జీనోమ్ వ్యాలీలో పనిచేసి రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చే మా ఆవిడ మళ్ళీ పొయ్యి ముందు నిలబడేది. నేనేమో "నాకు వంట రాదు" అంటూ సోఫాలో! ఈ యంత్రం తగ్గించాల్సింది నూనెని కాదు, మగవాళ్ళ సాకుల్ని. కాదంటారా?