త్రీనాట్‌త్రీకి తమ్ముడు

ఎన్నికల ప్రకటన వచ్చిందంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఠాణాల్లో తుపాకుల అప్పగింత మొదలవుతుంది. లైసెన్సుదారు రసీదు తీసుకుని, ఫలితాలొచ్చాక మళ్లీ తెచ్చుకోవాలి. వాటిలో 315 బోరు రైఫిల్ ఉందంటే దాని వెనక నూరేళ్లు దాటిన కథ ఉన్నట్టే.

ఈ గడ్డకు మందుగుండు కొత్తేం కాదు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ వచ్చేసరికి గండికోటలో మీర్ జుమ్లా ఫిరంగులు పోయిస్తున్నాడు. సరే, అది ఫిరంగుల సంగతి. బోల్టు రైఫిల్ ఆ తర్వాత రెండు శతాబ్దాలకు గానీ రాలేదు. స్కాట్లండ్‌లో పుట్టిన జేమ్స్ పారిస్ లీ కనిపెట్టిన బోల్టుతో తయారైన లీ ఎన్‌ఫీల్డ్‌ను బ్రిటిష్ సైన్యం 1895లో తీసుకుంది. మన పోలీసుల భుజాన దశాబ్దాల పాటు వేలాడిన త్రీనాట్‌త్రీ ఆ వంశానిదే. తలుపు గడియ లాంటి పిడిని ఎత్తి వెనక్కి లాగితే ఖాళీ తొడుగు ఎగిరి బయటపడుతుంది. ముందుకు తోసి దించితే కొత్త తూటా ఎక్కి బిగుసుకుంటుంది. అంతే.

ఈ సులువు వేటగాళ్లకూ నచ్చింది. బీఎస్‌ఏ కంపెనీ లీ బోల్టుతోనే వేట రైఫిళ్లు చేసింది. రిగ్బీ కంపెనీ జర్మనీ మౌజర్ బోల్టును వాడుకుంది. 1907లో చంపావత్ మనుషుల్ని తినే ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా దక్కింది రిగ్బీ 275 రైఫిలే.

ఇండియాలో మాత్రం దొరలకో భయం పట్టుకుంది. సైన్యం తూటాలు దొంగతనంగా జనం తుపాకుల్లోకి చేరితే? అందుకని 303 బోరు ప్రైవేటు చేతుల్లో ఉండకూడదన్నారు. కంపెనీలు ఊరుకుంటాయా! ఆస్ట్రియా సైన్యపు తూటా కొలతతో 315 బోరు రైఫిళ్లు దించాయి. బోల్టు అదే, గొట్టం బోరే మారింది. స్వాతంత్ర్యం వచ్చాక బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ కూడా అదే బాట పట్టింది. పేర్లలో తేడా అంగుళంలో వెయ్యింట పన్నెండు వంతులు. చట్టం దగ్గర మాత్రం ఇంటికీ జైలుకీ ఉన్నంత తేడా.

1972 వన్యప్రాణి చట్టంతో వేట ముగిసింది. రైఫిల్ ఆత్మరక్షణకో, దర్పానికో మిగిలింది. ఫ్యాక్షన్ పల్లెల్ని వణికించిన నాటుబాంబుకు ఎలాగూ లైసెన్సు అక్కర్లేదు!

చిక్కంతా తాత పోయాక వస్తుంది. లైసెన్సు ఆయనతోనే పోతుంది, రైఫిల్ బీరువాలో ఉంటుంది. జ్ఞాపకంగా దాచుకుంటే మనవడు ఆయుధాల చట్టం కింద ముద్దాయి అవుతాడు. ఆలస్యం చేయకుండా ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు వద్దో జమ చేసి, వారసుడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. 2016 నియమాలు ఆ వీలు కల్పించాయి. 2019 సవరణతో మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గింది. మూడోది తాతదైనా సరే, వదులుకోవాల్సిందే.

దరఖాస్తుకు ముందు గొట్టం మీద చెక్కిన అంకెను డీలరు చేత చదివించుకోవాలి. 315 అయితే కలెక్టరేట్‌తో సరిపోతుంది. 303 అయితే నిషిద్ధ బోరు, ఫైలు ఢిల్లీలో కేంద్ర హోంశాఖ దాకా నడవాలి.